లెక్కలోకి రాని రోగం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ



ఆసుపత్రుల పనితీరును కొలవడానికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లెక్కలకు కొదవ లేదు. ఓపీకి ఎందరు వచ్చారు, ఎన్ని ప్రసవాలు జరిగాయి, ఎన్ని ఆపరేషన్లు పూర్తయ్యాయి, ఆరోగ్యశ్రీ లేదా వైద్యసేవ పథకం కింద ఎన్ని క్లెయిములు వెళ్లాయి, ఎన్ని పడకలు నిండాయి అన్న వివరాలు నెలనెలా జిల్లాల నుంచి రాజధానికి చేరుతూనే ఉంటాయి. ఒక జబ్బుతో ఆసుపత్రిలో చేరి అక్కడే ఇంకో జబ్బు తగిలించుకున్నవారు ఎందరన్న అంకె మాత్రం ప్రజలు చూడగలిగే ఏ పట్టికలోనూ ఆసుపత్రి పేరుతో సహా కనిపించదు. నాణ్యతా గుర్తింపు కోసం కొన్ని ఆసుపత్రులు ఈ లెక్కను లోలోపల రాసుకుంటున్నా, అది తనిఖీ బృందం వచ్చి వెళ్లాక తిరిగి అలమరలోకే చేరుతుంది. ఆ అంకెను లెక్కించి, ఆసుపత్రివారీగా ప్రచురించాలన్నదే ఈ లేఖలోని కోరిక.

రోగి చేరేనాటికి ఒంట్లో లేకుండా, చేరిన 48 గంటల తర్వాత బయటపడే ఇన్‌ఫెక్షన్‌ను సాధారణంగా ఆసుపత్రిలో సోకినదిగా పరిగణిస్తారు. ఆపరేషన్ గాయానికి చీము పట్టడం 30 రోజుల లోపు బయటపడినా, కృత్రిమ కీలు వంటి పరికరం లోపల అమర్చినప్పుడైతే 90 రోజుల లోపు బయటపడినా, రోగి అప్పటికి ఇంటికి వెళ్లిపోయినా సరే, అది ఆసుపత్రి ఖాతాలోకే వస్తుంది. మూత్రపు గొట్టం, మెడ దగ్గరి పెద్ద రక్తనాళంలోకి వేసే సెంట్రల్ లైను, వెంటిలేటర్ గొట్టం, ఆపరేషన్ కుట్లు అనే నాలుగు దారుల గుండానే ఈ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం లోపలికి ప్రవేశిస్తాయి. తీవ్ర వ్యాధులకు చికిత్స చేసే ఆసుపత్రుల్లో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లోనైతే ఏడుగురికి, అల్ప, మధ్యాదాయ దేశాల్లోనైతే 15 మందికి ఇలాంటి ఇన్‌ఫెక్షన్ కనీసం ఒకటి సోకుతున్నదని, సోకినవారిలో సగటున పదింట ఒకరు మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో ప్రకటించింది. చేతుల శుభ్రతతో పాటు చౌకగా అమలు చేయగల ఇతర జాగ్రత్తలు పాటిస్తే వీటిలో 70 శాతం దాకా నివారించవచ్చని కూడా అదే నివేదిక చెప్పింది.

ఈ ఇన్‌ఫెక్షన్లు కలిగించే క్రిములు చాలా ఉన్నాయి గానీ, ఆసుపత్రి ఎక్కడెక్కడ గాడి తప్పుతున్నదో ఇట్టే పట్టిచ్చేది క్లోస్ట్రిడియాయిడీస్ డిఫిసిల్ అనే బాక్టీరియా. వైద్యులు దీన్ని పొట్టిగా సి. డిఫ్ అంటారు. 1935లో అమెరికాలో నవజాత శిశువుల మలంలో దీన్ని మొదట గుర్తించినప్పుడు, ఆ శిశువులు ఆరోగ్యంగానే ఉండటం వల్ల, తర్వాతి నాలుగు దశాబ్దాల పాటు వైద్యులు దీనిపై పెద్దగా దృష్టి పెట్టలేదు. 1970 దశకంలో క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడకం పెరిగాక పరిస్థితి మారింది. ఆ మందు వాడిన 200 మందిని గమనించి 1974లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 21 శాతం మందికి విరేచనాలు పట్టుకున్నాయని, 10 శాతం మందికి పెద్దపేగు లోపలి గోడ మీద పసుపుపచ్చని పొరలు కట్టే తీవ్రమైన వాపు వచ్చిందని తేలింది. తప్పు మందుది ఒక్కదానిదే కాదని, మందు ఖాళీ చేసిన పేగులో సి. డిఫ్ పెరిగి విషపదార్థాలు వదలడం వల్ల ఈ వాపు వస్తున్నదని 1978లో నిర్ధారణ అయింది.

ఆరోగ్యవంతుడి పెద్దపేగులో కోటానుకోట్ల బాక్టీరియా కాపురం ఉంటాయి, వాటి మధ్య సి. డిఫ్‌కు చోటు దొరకదు. ఏదో ఒక కారణంతో వాడిన యాంటీబయాటిక్ ఆ స్థానిక బాక్టీరియాను ఊడ్చేసినప్పుడు, పైరు పోయిన చేలో కలుపు కమ్ముకున్నట్టు, ఇది ఒక్కటీ పెరుగుతుంది. పెరిగాక రెండు రకాల విషాలను తయారుచేసి పేగు గోడను దెబ్బతీస్తుంది. దాని ఫలితం కొందరిలో రెండు మూడు రోజుల నీళ్ల విరేచనాలతో ముగుస్తుంది. వృద్ధుల్లో, ఇతర జబ్బులతో నీరసించినవారిలో మాత్రం పేగు ఉబ్బి చిల్లులు పడే దశకు, ప్రాణాపాయానికి దారితీస్తుంది. తగ్గినట్టే తగ్గి కొన్ని వారాలకు తిరగబెట్టడం దీని మరో గుణం, సుమారు ఐదింట ఒకరిలో ఇలా జరుగుతుంది. అలా పదేపదే తిరగబెట్టేవారికి ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన బాక్టీరియాను పేగులోకి ఎక్కించే చికిత్స, వినడానికి ఎంత ఏవగింపు కలిగించినా, బాగా పనిచేస్తున్నది. 2013లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన పరీక్షలో వ్యాంకోమైసిన్ మందు తీసుకున్న 13 మందిలో నలుగురికి నయమైతే, ఈ చికిత్స పొందిన 16 మందిలో 13 మందికి మొదటి విడతతోనే నయమైంది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022, 2023 సంవత్సరాల్లో ఇలాంటి రెండు ఉత్పత్తులకు అనుమతి ఇచ్చింది.

పరిపాలకులు ముఖ్యంగా గమనించవలసింది ఈ క్రిమి వ్యాపించే తీరును. పేగు బయట సి. డిఫ్ గట్టి పెంకు కట్టుకుని నిద్రాణస్థితిలోకి వెళుతుంది. బీజాణువు అని పిలిచే ఈ రూపంలో అది మంచం కమ్మీ మీద, బెడ్‌పాన్ మీద, తలుపు గడియ మీద నెలల తరబడి నిలిచి ఉండగలదు, అక్కడి నుంచి నర్సు చేతికి అంటుకోగలదు. కొవిడ్ కాలంలో ప్రతి వార్డు గుమ్మంలోనూ వేలాడదీసిన శానిటైజర్ సీసా దీని ముందు పనికిరాదు, ఆల్కహాల్‌కు బీజాణువు చావదు. సబ్బుతో, పారే నీటితో చేతులు రుద్ది కడిగితేనే అది వదులుతుంది. నేలను, మంచాన్ని, మరుగుదొడ్డిని తగినంత క్లోరిన్ ఉన్న ద్రావణంతో తుడవాలి, ఆ ద్రావణాన్ని ఏ రోజుకు ఆ రోజు తాజాగా కలపాలి. అంటే ఒక ఆసుపత్రిలో సి. డిఫ్ ప్రబలిందంటే అక్కడ రెండు లోపాలు కలిసి ఉన్నాయని అర్థం: యాంటీబయాటిక్‌లు అవసరానికి మించి వాడుతున్నారు, శుభ్రత పేరుకు మాత్రమే సాగుతున్నది. మొదటిది వైద్యుల లోపం, రెండోది పరిపాలన లోపం.

ఇంగ్లండ్ ఈ విషయంలో పడిన దెబ్బ, తర్వాత కోలుకున్న తీరు తెలుగు రాష్ట్రాలకు పరాయి కథ కాదు. 2003 నుంచి 2005 దాకా బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో సి. డిఫ్ రెండు విడతలుగా విజృంభించి 334 మందికి సోకింది, కనీసం 33 మంది దానివల్ల మరణించారు. హెల్త్‌కేర్ కమిషన్ అనే స్వతంత్ర పర్యవేక్షక సంస్థ 2006 జూలైలో ఇచ్చిన నివేదికలో తేలిన సంగతి మరణాల సంఖ్య కంటే ఎక్కువ కలవరపెడుతుంది. సోకినవారిని విడి గదుల్లో ఉంచాలని ఇన్‌ఫెక్షన్ నియంత్రణ బృందం పదేపదే చెప్పినా ఆసుపత్రి యాజమాన్యం వినలేదు. అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని నాలుగు గంటల లోపు పరీక్షించి పంపాలన్న ప్రభుత్వ లక్ష్యం, ఖర్చు తగ్గించాలన్న మరో లక్ష్యం వారి తలపై వేలాడుతున్నాయి. పడకలు ఖాళీ చేసే తొందరలో విరేచనాల రోగులను మామూలు వార్డుల్లోకే పంపించారు. ప్రభుత్వం లెక్క అడిగిన అంకె, ఎవరూ లెక్క అడగని అంకెను ఇలా పక్కకు నెట్టేసింది. మరుసటి ఏడాది అక్టోబరులో కెంట్ ప్రాంతంలోని మెయిడ్‌స్టోన్, టన్‌బ్రిడ్జ్ వెల్స్ ఆసుపత్రుల మీద వచ్చిన నివేదిక మరింత దారుణంగా ఉంది. 2004 ఏప్రిల్ నుంచి 2006 సెప్టెంబరు దాకా అక్కడ సుమారు 90 మంది ఖాయంగా లేదా బహుశా సి. డిఫ్ వల్లనే చనిపోయారని అంచనా. మంచాల మధ్య చాలినంత దూరం లేదు, నర్సులు చాలరు, విరేచనాలతో లేవలేని వృద్ధులకు పక్క మీదే కానిచ్చేయమని చెప్పిన సందర్భాలను సైతం ఆ నివేదిక నమోదు చేసింది.

అయితే అంతకుముందే ఆ దేశం ఒక మంచి పని మొదలుపెట్టి ఉంది. 65 ఏళ్లు దాటినవారిలో సి. డిఫ్ కేసులను ప్రతి ప్రభుత్వ ఆసుపత్రీ తప్పనిసరిగా తెలియజేయాలని 2004లో నిబంధన పెట్టి, 2007లో దాన్ని రెండేళ్లు దాటిన అందరికీ విస్తరించింది. ఆసుపత్రివారీ అంకెలను ప్రచురించింది. 2007-08లో 55 వేలకు పైగా ఉన్న కేసులు 2013-14 నాటికి 14 వేల లోపుకు దిగివచ్చాయి. ఈ తగ్గుదల ఎలా వచ్చిందన్న చర్చ కూడా ఆసక్తికరమైనదే. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు వేల నమూనాల జన్యుక్రమాలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సిప్రోఫ్లాక్సాసిన్ వర్గానికి చెందిన యాంటీబయాటిక్‌ల వాడకాన్ని కట్టడి చేసినందువల్ల ఆ మందులకు లొంగని సి. డిఫ్ రకాలు దాదాపు కనుమరుగయ్యాయి, లొంగే రకాలు మాత్రం అంతగా తగ్గలేదు. శుభ్రత ఒక్కటే కారణమై ఉంటే రెండు రకాలూ సమానంగా తగ్గి ఉండాలి. కేసులను విడివిడిగా లెక్కించి నమూనాలను భద్రపరచి ఉంచారు కాబట్టే ఈ సంగతి తేల్చగలిగారు. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ సి. డిఫ్ మళ్లీ పెరుగుతున్నది, ఆ సంగతి కూడా లెక్క వల్లనే తెలిసింది.

తెలుగు రాష్ట్రాల్లో అదే వర్గపు ఆఫ్లాక్సాసిన్‌ను ఆర్నిడజోల్‌తో కలిపిన మాత్ర విరేచనాలు పట్టుకున్న ఎవరికైనా, చీటీ లేకపోయినా, మందుల షాపు కౌంటర్ మీద దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో సి. డిఫ్‌ను పెంచిన వర్గపు మందునే ఇక్కడ విరేచనాలకు విరుగుడుగా మింగుతున్నారన్నమాట. ఆసుపత్రి వార్డుల్లో యాంటీబయాటిక్‌ల మీద ఉన్న రోగికి విరేచనాలు మొదలైతే మలాన్ని సి. డిఫ్ పరీక్షకు పంపడం అరుదు. మెట్రోనిడజోల్ మొదలుపెట్టి చూడటం వాడుక. ఆ మందు సి. డిఫ్ మీద కొంత పనిచేస్తుంది కాబట్టి కొందరికి జబ్బు పేరు తెలియకుండానే తగ్గిపోతుంది, తగ్గక చనిపోయినవారి మరణపత్రంలో వారు చేరినప్పటి జబ్బే కారణంగా నమోదవుతుంది. అందువల్ల సి. డిఫ్ ఇక్కడ తక్కువని చెప్పినా, విపరీతమని చెప్పినా ఆ రెంటికీ ఆధారం ఉండదు.

సి. డిఫ్ లెక్క తేలకపోయినా, భారతీయ ఆసుపత్రుల్లో ఇప్పటిదాకా తెలిసిన ప్రధాన శత్రువులు వేరే ఉన్నాయి. ఐసీయూలలో, నవజాత శిశు విభాగాల్లో ప్రాణాలు తీస్తున్నవి ముఖ్యంగా అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలు. అసినెటోబాక్టర్ పొడి ఉపరితలాల మీద కూడా చాలాకాలం బతుకుతుంది, ఈ రెండూ అత్యంత శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లకు సైతం లొంగకుండా తయారయ్యాయి. 2011 జూలై నుంచి 2014 ఫిబ్రవరి దాకా ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో 13,530 మంది నవజాత శిశువులను పరిశీలించిన అధ్యయనంలో 14.3 శాతం శిశువులకు సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా వ్యాపించి అవయవాలను దెబ్బతీసే స్థితి, వచ్చినట్టు తేలింది. కల్చర్ పరీక్షలో దొరికిన క్రిముల్లో మొదటి స్థానం అసినెటోబాక్టర్‌ది, రెండోది క్లెబ్సియెల్లాది. మూడింట రెండు వంతుల కేసులు పుట్టిన 72 గంటల లోపే బయటపడ్డాయి. కాన్పు గదిలోనే, లేదా పుట్టిన వెంటనే ఉంచిన గదిలోనే ఈ క్రిములు శిశువును చేరుకుంటున్నాయని అది సూచిస్తున్నది. ఢిల్లీ ఎయిమ్స్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి నిర్మించిన నిఘా వ్యవస్థ దేశంలోని కొన్ని పెద్ద ఆసుపత్రుల ఐసీయూలలో ఈ లెక్కను ఒకే పద్ధతిలో రాయడం నేర్పింది. పద్ధతి ఉంది, నిర్వచనాలు ఉన్నాయి, 2020 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన జాతీయ మార్గదర్శకాలూ ఉన్నాయి. వాటిని జిల్లా ఆసుపత్రి దాకా తీసుకురావడం రాష్ట్రాల పని.

తెలంగాణకు ఈ విషయంలో ఒక చేదు అనుభవం కూడా ఉంది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో నిర్వహించిన శిబిరంలో ఒకే రోజున 34 మంది మహిళలకు లాప్రోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. తర్వాతి కొద్ది రోజుల్లో వారిలో నలుగురు మరణించారు, మిగిలినవారిని చికిత్స కోసం హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. లాప్రోస్కోపు గొట్టాన్ని ఒకరి కడుపులో నుంచి తీసి ఇంకొకరి కడుపులో పెట్టే ముందు తగిన ద్రావణంలో తగినంత సేపు నానబెట్టాలి. ఉన్న పరికరాలు కొన్నే, వరుసలో ఉన్న మహిళలు ముప్పైకి పైగా అయినప్పుడు ఆ తగినంత సేపన్నది ఎలా కుదించుకుపోతుందో ఊహించడానికి వైద్యవిద్య అక్కరలేదు. శిబిరాలు అసలు ఉండకూడదన్నది సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిన మాట. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఇలాంటి శిబిరాల తర్వాత 13 మంది మహిళలు చనిపోయారు. ఇలాంటి శిబిరాల మీద దాఖలైన దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న తీర్పునిస్తూ, ఈ శిబిరాలను వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ మూడేళ్లలో, నిలిపివేసే ప్రయత్నం చేయాలని న్యాయస్థానం ప్రభుత్వాలకు చెప్పింది. ఆ గడువు 2019లోనే తీరిపోయింది. శిబిరం ఎందుకు కొనసాగిందంటే శస్త్రచికిత్సల సంఖ్యను లెక్కిస్తారు, గాయాలకు చీము పట్టినవారి సంఖ్యను లెక్కించరు. స్టోక్ మాండెవిల్‌లో నాలుగు గంటల లక్ష్యం చేసిన పనినే ఇక్కడ కుటుంబ నియంత్రణ లక్ష్యం చేసింది.

నలుగురు ఒకేసారి చనిపోతే అది వార్త అవుతుంది, విచారణ జరుగుతుంది, కొందరు సస్పెండ్ అవుతారు. ఒక్కొక్కరుగా, వేర్వేరు ఊళ్లలో, కుట్లు విచ్చుకుని మూడు వారాలు మంచాన పడినవారు ఏ విచారణకూ అందరు. వీరి సంఖ్య తెలుగు రాష్ట్రాల్లో స్వల్పంగా ఉండే అవకాశం లేదు. అందుకు కారణం సిజేరియన్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి, దేశంలోని రాష్ట్రాల్లో ఇదే అత్యధికం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ అంకె 42.4 శాతం. ఇన్ని కడుపులను కోస్తున్న రాష్ట్రాలు వాటిలో ఎన్నిటికి చీము పట్టిందో చెప్పలేకపోవడం వింతే. సిజేరియన్ అయిన తల్లి కొద్ది రోజులకే ఇంటికి, చాలాసార్లు అత్తవారింటికి కాక పుట్టింటికి, వెళ్లిపోతుంది. పదో రోజున గాయం నుంచి చీము కారితే దగ్గర్లోని ఆర్‌ఎంపీ కట్టు కడతాడు, లేదా పీహెచ్‌సీలో సిస్టర్ కడుతుంది. కోసిన ఆసుపత్రికి ఆ కబురే చేరదు, చేరకపోవడం వల్ల ఆ ఆసుపత్రి తన ఆపరేషన్ థియేటర్ నిక్షేపంగా ఉందనే నమ్ముతుంది.

ఈ కబురు చేరవేయడానికి కొత్త యంత్రాంగం అక్కరలేదు. నవజాత శిశువు సంరక్షణ పథకం కింద ఆశా కార్యకర్త కాన్పు అయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇప్పటికే వెళుతున్నది, బిడ్డ బరువు చూస్తున్నది, పాలు పడుతున్నాయా అని అడుగుతున్నది. తల్లి కుట్ల దగ్గర చీము గానీ, ఎరుపు గానీ, జ్వరం గానీ ఉన్నాయా, కుట్లు విచ్చుకున్నాయా అన్న ప్రశ్నలను అదే పుస్తకంలో చేర్చి, ఏ ఆసుపత్రిలో కోశారో పక్కన రాస్తే, ముప్పై రోజుల నిర్వచనానికి సరిపడే లెక్క దానంతట అదే తయారవుతుంది. ఆశాల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉన్నదన్న అభ్యంతరం న్యాయమైనదే కనుక, ఈ అదనపు నమోదుకు అదనపు పారితోషికం కూడా ఇవ్వవలసిందే. ప్రైవేటు ఆసుపత్రిలో జరిగిన సిజేరియన్ సైతం ఈ లెక్కలోకి రావడం ఈ పద్ధతిలోని అసలు మేలు, ఎందుకంటే ఆశా కార్యకర్త ఆసుపత్రి బోర్డును బట్టి ఇల్లు ఎంచుకోదు.

లెక్క మొదలైతే ఇంకో అలవాటు కూడా వెలుగులోకి వస్తుంది. సిజేరియన్‌కు ముందు, కోత పెట్టడానికి గంట లోపు, ఒక్క మోతాదు యాంటీబయాటిక్ ఇస్తే చాలని, ఆపరేషన్ అయ్యాక దాన్ని కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చాలా ఆసుపత్రుల్లో వాడుక వేరు: రెండు మూడు రోజులు ఇంజెక్షన్లు, ఆపై డిశ్చార్జి చీటీలో మరో ఐదు రోజుల మాత్రలు. వైద్యులను అడిగితే థియేటర్ శుభ్రత మీద నమ్మకం లేక ఇలా రాస్తున్నామంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ మాత్రలు థియేటర్‌ను శుభ్రం చేయవు. తల్లి పేగును ఖాళీ చేస్తాయి, మందులకు లొంగని క్రిములకు చోటు ఇస్తాయి, థియేటర్‌ను బాగుచేయవలసిన అవసరాన్ని వాయిదా వేస్తాయి.

డబ్బు సంగతి మాట్లాడకుండా ఈ చర్చ ముగియదు. సొంత ఖర్చుతో వైద్యం చేయించుకునే కుటుంబానికి ఐసీయూలో సోకిన ఇన్‌ఫెక్షన్ అంటే మరికొన్ని రోజుల పడక అద్దె, రోజుకు వేల రూపాయల ఖరీదు చేసే ఇంజెక్షన్లు, కొన్నిసార్లు ఎకరం పొలం. ఆ బిల్లు ఆసుపత్రికి ఆదాయంగానే చేరుతుంది, అంటే ఇన్‌ఫెక్షన్‌ను నివారించినందుకు ఆసుపత్రికి దక్కే ఆర్థిక ప్రయోజనం ఏమీ లేదు. చికిత్సకు ఇంతని ముందే ఖరారు చేసి చెల్లించే ప్యాకేజీ పద్ధతిలో పరిస్థితి కొంత మెరుగని అనిపిస్తుంది గానీ, అక్కడ కూడా అదనపు రోజుల భారం చీటీలు బయటికి రాయడం ద్వారా రోగి మీదికి జారుతుంది. అలాగని ఇన్‌ఫెక్షన్ వస్తే డబ్బు కోసేస్తామంటే సరిపోదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ 2008 అక్టోబరు నుంచి సెంట్రల్ లైను, మూత్రపు గొట్టం ద్వారా సోకిన ఇన్‌ఫెక్షన్లకు అదనపు చెల్లింపు నిలిపివేసింది. దానివల్ల ఆ ఇన్‌ఫెక్షన్ల రేటులో కొలవదగ్గ మార్పు ఏదీ రాలేదని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అదే దేశంలో మిషిగన్ రాష్ట్రపు వందకు పైగా ఐసీయూలు శిక్ష ఊసు లేకుండా ఒక చిన్న పట్టిక పట్టుకుని పనిచేశాయి: సెంట్రల్ లైను వేసే ముందు చేతులు కడగడం, రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, తొడ దగ్గర వేయకుండా వీలైనంత వరకు తప్పించడం, అవసరం తీరగానే తీసేయడం. ప్రతి ఐసీయూకు తన అంకెను నెలనెలా చూపించారు. 18 నెలల్లో రక్తంలో సోకే ఇన్‌ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రచురితమైంది. పట్టికలోని ఏ అంశమూ తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులకు ఖరీదైనది కాదు.

శుభ్రత పని చేసేవారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వం 2022-23 బడ్జెట్‌లో ఆసుపత్రుల పారిశుద్ధ్యానికి పడకకు ఇచ్చే మొత్తాన్ని 5,000 నుంచి 7,500 రూపాయలకు పెంచింది. పెంపు మంచిదే. అయితే ఆ డబ్బు ఏజెన్సీ గుండా వెళుతుంది, ఏజెన్సీ హాజరు పట్టీ చూపించి బిల్లు తీసుకుంటుంది, నేల తడిగా కనిపిస్తే పని అయినట్టే. మంచం కమ్మీని, సెలైన్ స్టాండును, బెడ్‌పాన్‌ను ఏ మందుతో ఎంతసేపు తుడవాలో ఆ కార్మికురాలికి నేర్పినవారు తక్కువ, ఆమె చేతికి తగిన తొడుగులు ఇచ్చేవారు ఇంకా తక్కువ. వార్డులో ఇన్‌ఫెక్షన్ రేటు తెలిస్తేనే ఆ 7,500 రూపాయలు దేన్ని కొన్నాయో చెప్పగలరు. వార్డులో సబ్బు, పారే నీరు రెండూ ఉన్నాయా అన్నది కూడా ఇదే చోట అడగవలసిన ప్రశ్న, ఎందుకంటే బీజాణువు విషయంలో శానిటైజర్ వాటికి ప్రత్యామ్నాయం కాదు.

కాబట్టి ఈ లేఖ కోరుతున్నది ఇది. మొదట సిజేరియన్ గాయాల ఇన్‌ఫెక్షన్‌ను ఆశాల ద్వారా, బోధనాసుపత్రుల ఐసీయూలలో సెంట్రల్ లైను ఇన్‌ఫెక్షన్‌ను జాతీయ నిర్వచనాల ప్రకారం లెక్కించాలి. సి. డిఫ్ పరీక్షను ప్రతి బోధనాసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో ఉచితంగా అందుబాటులోకి తెచ్చి, యాంటీబయాటిక్‌ల మీద ఉండగా విరేచనాలు పట్టుకున్న రోగికి ఆ పరీక్ష తప్పనిసరి చేయాలి. ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ ఇన్‌ఫెక్షన్ నియంత్రణ నర్సుకు మరే ఇతర డ్యూటీ వేయకూడదు, ఇప్పుడు చాలాచోట్ల ఆ పదవి ఒక వార్డు సిస్టర్ మెడకు అదనంగా తగిలించిన బోర్డు మాత్రమే. ప్రైవేటు ఆసుపత్రులను ఈ లెక్కలోకి తేవడానికి కొత్త చట్టం అవసరం లేదు. రికార్డుల నిర్వహణ, నివేదన అన్నవి తెలంగాణలో అమలవుతున్న 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం రిజిస్ట్రేషన్ షరతుల్లోనే ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి చట్టం ఉంది. ఆరోగ్య పథకాల నెట్‌వర్క్‌లో కొనసాగాలంటే లెక్క ఇవ్వాలన్న ఒక్క షరతు చాలావరకు పని జరిపిస్తుంది. 2020లో కరోనా బులెటిన్‌ను జిల్లావారీగా రోజూ విడుదల చేసిన శాఖలకు మూడు నెలలకొకసారి ఒక పట్టిక విడుదల చేయడం అసాధ్యం కాదు.

తొలి ఏడాది అంకె పెద్దగా ఉంటుంది, నిజాయితీగా లెక్క రాసిన ఆసుపత్రి రాయని ఆసుపత్రి కంటే హీనంగా కనిపిస్తుంది. పత్రికల్లో శీర్షికలు వస్తాయి, శాసనసభలో ప్రతిపక్షం ఆ పట్టికను పట్టుకుని లేస్తుంది. అప్పుడు ఎక్కువ కేసులు చూపించిన సూపరింటెండెంట్‌ను రాత్రికి రాత్రి బదిలీ చేస్తే, మరుసటి మూడు నెలల నివేదికలో అన్ని ఆసుపత్రుల్లోనూ సున్నాలే కనిపిస్తాయి. ఆ బదిలీ ఉత్తర్వు మీద సంతకం పెట్టకుండా ఉండటం ఆ ఏడాది మంత్రివర్యులు చేయవలసిన పనులన్నిటిలోకీ కష్టమైనది.